40 లీటర్ల ట్యాంకులో ఉప్పునీటి చేపలు: మొదటిసారి పెట్టేవాళ్ళకి నా అనుభవం

మూడేళ్ళుగా గప్పీలు, మోలీలు లాంటి మంచినీటి చేపలు పెంచుతున్నారు, ఇంట్లో 40 లీటర్ల ట్యాంకు ఖాళీగా ఉంది, అందులో ఉప్పునీళ్ళు పోసి రెండు క్లౌన్‌ఫిష్‌లు, ఒక సీ ఎనిమోనీ (రాయికి అంటుకుని పువ్వులా కనిపించే సముద్రపు జీవి), కుదిరితే ఒక బ్లూ టాంగ్ పెట్టాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. ముందు టాంగ్ సంగతి తేల్చేద్దాం. అది పెరిగితే 30 సెంటీమీటర్ల దాకా వస్తుంది, రోజంతా ఈదుతూనే ఉండే చేప, మీ ట్యాంకు పొడవే దానికి రెండు తోక ఊపులు. మర్చిపోండి. ఎనిమోనీ కూడా మొదటి ఏడాది వద్దు, ఎందుకో కింద చెప్తాను. రెండు క్లౌన్‌ఫిష్‌లు మాత్రం పెట్టుకోవచ్చు. 75 లీటర్ల ట్యాంకు దొరికితే అదే తీసుకోమంటాను, కుదరదంటే 40లోనే చేయొచ్చు కానీ రోజూ దాని మొహం చూడాలి.

చిన్న ట్యాంకు కదా సులువుగా ఉంటుంది అని నేనూ అనుకున్నాను. నిజానికి నీళ్ళు ఎంత తక్కువుంటే చిన్న పొరపాటు కూడా అంత తొందరగా పెద్దదవుతుంది. మంచినీటి ట్యాంకులో నీళ్ళు తగ్గితే ఒక చెంబు పోస్తాం, అయిపోతుంది. ఇక్కడ నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం ఆవిరవదు, అక్కడే ఉంటుంది. 40 లీటర్లలో 4 లీటర్లు ఆవిరైతే లీటరుకి 35 గ్రాములుండాల్సిన ఉప్పు దాదాపు 39కి చేరుతుంది, అది కూడా మీరు ఏమీ చేయకుండానే. అందుకని తగ్గిన నీటి బదులు ఉప్పు లేని శుభ్రమైన నీళ్ళే పోయాలి. ఈ ఒక్క ముక్క ముందే బుర్రకెక్కి ఉంటే నా మొదటి రొయ్య బతికేది.

నాది 60 లీటర్లది, మూత లేదు, రోజుకి అర లీటరు దాకా తగ్గేది. సముద్రపు ట్యాంకు కాబట్టి సముద్రపు నీళ్ళే పోయాలి అన్న నా సొంత తెలివితో, పొద్దున్నే బకెట్‌లో కలిపి ఉంచిన ఉప్పునీళ్ళు పోసేవాణ్ణి. ఇరవై రోజులు అదే పని. చూసుకోలేదా అంటే రోజూ చూశాను, నా దగ్గర ముల్లు తిరిగే చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటుండేది, నీళ్ళు నింపితే ముల్లు లేచి అంకె చూపిస్తుంది, ప్రతిరోజూ బుద్ధిగా 1.025 చూపించింది (ఉప్పు లేని నీళ్ళు 1.000 అనుకుంటే ఉప్పునీళ్ళు ఎంత బరువో చెప్పే అంకె ఇది). తర్వాత తెలిసింది ఏంటంటే ముల్లు తిరిగే చోట ఉప్పు గట్టిపడి అది అక్కడే ఇరుక్కుపోయింది! ఆలోపు నత్తలు మూత బిగించుకుని ఇసుక మీద పడి ఉన్నాయి, రొయ్య ఒక పక్కకి ఒరిగి కాళ్ళు మాత్రం ఆడిస్తోంది. తెలిసినాయన రెఫ్రాక్టోమీటర్ (రెండు చుక్కల నీళ్ళతో ఉప్పు కొలిచే పరికరం) తెచ్చి చూస్తే 1.031. సాయంత్రానికి రొయ్య పోయింది. నత్తలు బతికాయి, ఎందుకంటే ఆయన నన్ను కంగారుపడి ఒకేసారి బకెట్ల కొద్దీ మంచినీళ్ళు పోయనివ్వలేదు, నాలుగు రోజుల మీద మెల్లగా దించాం.

కాబట్టి మీరు కొనాల్సిన మొదటి వస్తువు చేప కాదు, లైటు కూడా కాదు, రెఫ్రాక్టోమీటర్. గాజు మీద రెండు చుక్కలు వేసి, మూత వాల్చి, వెలుతురు వైపు పట్టుకుని చూస్తే పైన నీలం, కింద తెలుపు, రెండూ కలిసే చోట గీత. ఆ గీత 1.025, 1.026 మధ్య ఉండాలి. రెఫ్రాక్టోమీటర్‌నే సరిచేయడానికి 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు) అని రాసుండే ద్రావణం చిన్న సీసాల్లో దొరుకుతుంది, నెలకోసారి దాంతో చూసుకోండి. ఇంకో పని, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం దగ్గర గాజు బయట చిన్న టేపు ముక్క అంటించండి. పొద్దున్నే టేపు దాకా ఉప్పు లేని నీళ్ళు పోయడం, అంతే. నా ట్యాంకుకి ఇప్పుడు నీళ్ళు తగ్గగానే దానంతటదే నింపే సెన్సర్ పంపు ఉంది, అయినా టేపు తీయలేదు.

నీళ్ళ విషయానికొస్తే కుళాయి నీళ్ళు వద్దు. క్లోరిన్ ఒక్కటే అయితే మందు వేసి వదిలించుకోవచ్చు, కానీ ఫాస్ఫేట్, సిలికేట్, ఒక్కోసారి పైపుల్లోంచి వచ్చే రాగి కూడా ఉంటాయి, రొయ్యలకీ నత్తలకీ రాగి కొంచెమైనా విషమే. ఆర్ఓ దాటి డీఐ రెజిన్ (మిగిలిన ఖనిజాల్ని కూడా పట్టేసే గుళికలు) కూడా ఉన్న యూనిట్ నీళ్ళు కావాలి, నీళ్ళలో కరిగినవి ఎంతున్నాయో చూపించే టీడీఎస్ మీటర్ సున్నా చూపించాలి. తాగే నీళ్ళ మిషన్ ఉంది కదా అనుకోకండి, వాటిలో చాలావరకు రుచి కోసం ఖనిజాలు మళ్ళీ కలుపుతారు, మీటర్ పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. ఉప్పు కూడా అక్వేరియం కోసం చేసిన సముద్రపు ఉప్పే, వంట ఉప్పులో మెగ్నీషియం, కాల్షియం లాంటివి ఉండాల్సినంత ఉండవు. లీటరుకి దాదాపు 36-38 గ్రాములు పడుతుంది, ప్యాకెట్ మీద చూసి మొదలుపెట్టి రెఫ్రాక్టోమీటర్‌తో సరిచేసుకోండి. బకెట్‌లో నీళ్ళు ముందు, ఉప్పు తర్వాత, చిన్న పంపు పెట్టి రాత్రంతా తిరగనివ్వండి. పొడి ఉప్పుని చేపలున్న ట్యాంకులో ఎప్పుడూ వేయకండి.

సామాన్ల జాబితా ఇక్కడ పెద్దగా రాయను. హీటర్ (25-26 డిగ్రీలు), నీళ్ళని బాగా కదిలించే వేవ్‌మేకర్, ఒక మామూలు లైటు, అరగొనైట్ ఇసుక (కాల్షియం ఉండే సముద్రపు ఇసుక), నాలుగైదు కిలోల రాయి. ప్రోటీన్ స్కిమ్మర్ (నురగతో మురికిని లాగేసే పరికరం) లేకపోతే కుదరదని ఎవరైనా అంటే వినకండి, ఈ సైజులో వారానికి 10 శాతం నీళ్ళు మారిస్తే చాలు. రాళ్ళు ముందు అడుగు గాజు మీద కుదురుగా పెట్టి ఆ తర్వాత ఇసుక పోయండి, ఇసుక తవ్వే చేపలు తర్వాత వస్తే రాళ్ళు కూలవు. మీ పాత గప్పీ ట్యాంకు గులకరాళ్ళు, ఫిల్టర్ స్పాంజి ఇందులోకి తేవద్దు, ఎప్పుడో వేసిన మందుల్లో రాగి ఉండి ఉండొచ్చు. ఇంకొకటి, ఇది సరదాకి చెప్పడం లేదు: వేరేవాళ్ళ ట్యాంకులోంచి తెచ్చిన రాయిని శుభ్రం చేద్దామని పొయ్యి మీద మరిగించకండి. దాని మీద కొన్ని రకాల జోవాంతిడ్స్ (పగడాల్లా రాయికి అంటుకుని ఉండే జీవులు) ఉంటే పాలీటాక్సిన్ అనే విషం ఆవిరితో గాల్లోకి వస్తుంది, ఇంట్లోవాళ్ళందరూ ఆసుపత్రి పాలైన కేసులు నిజంగా ఉన్నాయి.

ఇక అసలు ఓపిక పరీక్ష. నీళ్ళు నింపి, పంపులు ఆన్ చేసి, చేపలు లేకుండా నాలుగు నుంచి ఆరు వారాలు, దీన్నే సైకిల్ చేయడం అంటారు. మంచినీటి ట్యాంకు చేశారు కాబట్టి అమోనియా, నైట్రైట్, నైట్రేట్ కథ (వ్యర్థాల్లోంచి వచ్చే విషపు అమోనియాని బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది) మీకు తెలిసే ఉంటుంది, ఇక్కడా అదే, కాకపోతే బ్యాక్టీరియా ఎక్కువగా రాళ్ళలో కాపురం పెడుతుంది. సీసా బ్యాక్టీరియా వేసి, అమోనియం క్లోరైడ్‌తో అమోనియాని 2 పీపీఎం (పది లక్షల వంతుల్లో 2) దాకా తెచ్చి, రెండు మూడు రోజులకోసారి టెస్ట్ చేయండి. మొదట్లో అమోనియా టెస్ట్ గొట్టంలో నీళ్ళు ఆకుపచ్చగా తిరుగుతాయి, ఒక వారం, రెండు వారాలు అదే ఆకుపచ్చ, ఇక ఇది మారదేమో అని టెన్షన్ మొదలవుతుంది, ఆ తర్వాత ఒక రోజు పసుపు, అంటే అమోనియా పోయినట్టే. వేసిన 2 పీపీఎం ఒక్క రోజులో సున్నా అయి, నైట్రైట్ కూడా సున్నా అయిందంటే ట్యాంకు సిద్ధం. ఇదే సమయంలో ఇసుక మీద, గాజు మీద గోధుమరంగు పొర వస్తుంది, డయాటమ్స్ అనే సన్నటి నాచు అది, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది కానీ చాలావరకు దానంతటదే పోతుంది. మందులు వేయకండి.

"గట్టి చేప ఒకటి వేసి సైకిల్ చెయ్, డామ్సెల్ అయితే చావదు" అని నాకు కొట్టతను చెప్పాడు. చావలేదు, నిజమే. ట్యాంకు మొత్తం తన పేరున రాయించుకుంది. తర్వాత వచ్చిన గోబీని రెండు రోజులు మూలకి తరిమి తోక చింపేసింది, ఆ డామ్సెల్‌ని పట్టడానికి నేను రాళ్ళన్నీ బయటికి తీసి ఇసుకంతా కెలికి ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను. అమోనియాలో చేపని ఉడకబెట్టడం ఎటూ తప్పే.

మొదట నాలుగైదు నత్తలు, రెండు వారాల తర్వాత క్లౌన్‌ఫిష్‌లు. ఒసెలారిస్ రకం తీసుకోండి, ట్యాంకుల్లోనే పుట్టి పెరిగినవి దొరుకుతాయి, అవి తిండికి సతాయించవు. రెండూ ఒకేసారి, ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది. ఇవి పుట్టడం అన్నీ మగవే, జంటలో పెత్తనం చేసేది ఆడది అవుతుంది, చిన్నది మగదిగా ఉండిపోతుంది. మొదటి వారం పెద్దది మీదికొస్తే చిన్నది పక్కకి వాలి ఒళ్ళంతా వణికిస్తుంది, ఫిట్స్ వచ్చాయేమో అని భయపడకండి, "నువ్వే పెద్దదానివి తల్లీ" అని ఒప్పుకోవడం అది. వీలైతే ముందు నాలుగు వారాలు వేరే చిన్న ట్యాంకులో ఉంచి చూడండి, తెల్ల చుక్కల జబ్బు ఒకసారి పెద్ద ట్యాంకులోకి వస్తే రొయ్యలు, నత్తలు ఉన్నచోట రాగి మందు వాడలేరు కదా, అప్పుడు చేపలన్నిటినీ బయటికి తీయాల్సిందే.

ఎనిమోనీ ఎందుకొద్దంటే దానికి బలమైన లైటు కావాలి, నెలల తరబడి ఒకేలా ఉండే నీళ్ళు కావాలి, కొత్త ట్యాంకులో రెండోది ఉండదు. పైగా చోటు నచ్చకపోతే నడుస్తుంది. తిరుగుతూ తిరుగుతూ వేవ్‌మేకర్ నోట్లో పడిందంటే ఆ ముక్కలతో ట్యాంకు మొత్తం పాడవుతుంది. క్లౌన్‌ఫిష్‌కి అది లేకపోయినా ఏ బాధా లేదు, నావి రెండూ హీటర్ పక్కన మూలలో పడుకుంటాయి.

కరెంటు పోయినప్పుడు పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి, కదలిక ఆగిపోతే నీళ్ళలో ఆక్సిజన్ త్వరగా పడిపోతుంది. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే మళ్ళీ అడగండి, కాకపోతే ఎన్నో వారం, ఉప్పు ఎంత, వేడి ఎంత, అమోనియా, నైట్రైట్ ఎంత అని అంకెలతో రాయండి. "చేప డల్‌గా ఉంది, ఏం చేయాలి" అని మాత్రమే రాస్తే నేను తిరిగి అడిగేది కూడా ఆ అంకెలే.