ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు కాపురాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. 2017లో కొన్న ల్యాప్‌టాప్, ఐ5 ఏడో తరం, 8 జీబీ ర్యామ్, ఆ తర్వాత 512 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించాను. విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి, 11 ఎక్కించబోతే మీ ప్రాసెసర్ పనికిరాదంటోంది. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకో నాన్నా అని మా అబ్బాయి పోరుతున్నాడు. కానీ తెలుగు టైపింగ్‌కి వాడే అను సాఫ్ట్‌వేర్ లేకపోతే నాకు పూట గడవదు, విండోస్ తీసేయలేను. రెండూ ఉంచుకోవచ్చన్నారని మింట్ ఫైల్ దించుకుని, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, రీస్టార్ట్ చేశాను. మామూలుగా విండోసే వచ్చింది. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ అంతే. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
(నరసరావుపేట నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తప్పు కాపీ దగ్గరే ఉందండీ. బియ్యం బస్తా తెచ్చి పొయ్యి మీద పెట్టి, అన్నం ఏదీ అని చూస్తున్నారు. ఐఎస్ఓ ఫైల్ అంటే ఒక డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు కట్టిన మూట. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే మదర్‌బోర్డులో ఉండే యూఈఎఫ్ఐ అనే చిన్న ప్రోగ్రాం ముందు లేస్తుంది (పాత బయోస్ స్థానంలో వచ్చింది, చాలామంది ఇప్పటికీ బయోస్ అనే అంటారు). అది పెన్‌డ్రైవ్‌లో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్, దాని లోపల బూట్ ఫోల్డర్, అందులో బూట్‌ఎక్స్64 అనే చిన్న ఫైల్ ఉన్నాయా అని వెతుకుతుంది. మీ పెన్‌డ్రైవ్‌లో మూట ఒక్కటే ఉంది. మూట విప్పి చూసే తెలివి దానికి లేదు, అందుకే పక్కకి తిరిగి విండోస్‌ని లేపుతోంది. నాలుగుసార్లు కాదు, నలభైసార్లు చేసినా అంతే.

మూట విప్పి సరిగ్గా సర్దడానికి రూఫస్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. ఉచితం, రెండు మూడు ఎంబీలు కూడా ఉండదు, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, డబుల్ క్లిక్ చేస్తే చాలు. మింట్ ఐఎస్ఓ 3 జీబీకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. ఒక్క మాట, ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. డీటీపీ సెంటర్ అంటే టేబుల్ మీద కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు నాలుగైదు పడి ఉంటాయి కదా, ఎవరి పెళ్లి కార్డో అందులో ఉందేమో చూసుకుని మరీ పెట్టండి. రూఫస్ మామూలుగా బయటి హార్డ్‌డిస్కులను జాబితాలో చూపించదు, అది దాని మంచితనం. అయినా పైన డివైస్ అన్నచోట పేరూ సైజూ ఒకసారి చదవండి.

రూఫస్‌లో పార్టిషన్ స్కీమ్ (డిస్కుని భాగాలు చేసే పద్ధతి) దగ్గర కొత్తదైన జీపీటీనా, పాతదైన ఎంబీఆరా అని చాలామంది ఆగిపోతారు. స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరిస్తే అందులో బయోస్ మోడ్ అని ఒక వరుస ఉంటుంది. అక్కడ యూఈఎఫ్ఐ అని ఉంటే జీపీటీ పెట్టండి, 2017 మెషిన్ కాబట్టి మీది దాదాపు అదే అవుతుంది. లెగసీ అని ఉంటే ఎంబీఆర్. స్టార్ట్ నొక్కాక ఐఎస్ఓ మోడా, డీడీ మోడా అని అడుగుతుంది, అది సిఫారసు చేసిన ఐఎస్ఓ మోడే ఉంచండి. మిగతా ఏదీ ముట్టుకోవద్దు.

పెన్‌డ్రైవ్ తయారవడానికి పది నిమిషాలు పట్టదు. దానికి ముందు గంట పని ఉంది, జనం ఎగ్గొట్టేది దాన్నే. మొదటిది బ్యాకప్. మీ కస్టమర్ల ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి తీసి, ఆ డిస్కుని ల్యాప్‌టాప్ నుంచి పీకేసి బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచితే అది బ్యాకప్ కిందికి రాదు, పని జరుగుతున్నప్పుడు అది కూడా తుడుచుకుపోయే వరుసలో నిలబడినట్టే.

రెండోది బిట్‌లాకర్, అంటే డిస్కుకి విండోస్ వేసే తాళం. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉందేమో చూడండి, కొన్ని ల్యాప్‌టాప్‌లలో మనకి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. బూట్ సెట్టింగుల్లో వేలు పెట్టామంటే అది ఒక్కోసారి నీలం తెరతో 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ముందే తీసి కాగితం మీద రాసుకోండి. ల్యాప్‌టాప్‌లోనే నోట్‌ప్యాడ్‌లో రాసుకుంటే ఏం లాభమో మీకే తెలుసు. ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే పూర్తిగా ఆఫ్ చేసి, అది విప్పడం అయ్యేదాకా ఆగి, అప్పుడే ముందుకెళ్లండి.

మూడోది ఫాస్ట్ స్టార్టప్. విండోస్‌ని షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా పడుకోదు, కునుకు తీస్తుంది. ఆ స్థితిలో లినక్స్‌లోంచి మీ డీ డ్రైవ్ తెరిస్తే ఫైళ్లు చదవడానికే తప్ప రాయడానికి వీలుండదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే చోట ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి.

ఇక జాగా. విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ష్రింక్ వాల్యూమ్ ఇవ్వండి. మింట్‌కి కనీసం 20 జీబీ కావాలంటారు, నన్నడిగితే 80 ఇవ్వండి. ఖాళీ చాలా కనిపిస్తున్నా ష్రింక్ కొంచెమే అవుతానంటే, కదలని సిస్టమ్ ఫైళ్లు మధ్యలో కూర్చున్నాయని అర్థం. హైబర్నేషన్, సిస్టమ్ రీస్టోర్ తాత్కాలికంగా ఆపి మళ్లీ ప్రయత్నించండి. ఖాళీ చేసిన భాగాన్ని ఫార్మాట్ చేయకండి, పేరు పెట్టకండి, అన్‌అలొకేటెడ్ అని అలా నల్లగీతతో వదిలేయండి.

ఇప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టి, షిఫ్ట్ కీ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. వచ్చిన నీలం మెనూలో యూజ్ ఎ డివైస్ అని ఉంటే అందులోంచి పెన్‌డ్రైవ్ ఎంచుకోవచ్చు. అది కనిపించకపోతే ఆన్ చేయగానే కీ కొట్టాలి: డెల్, లెనోవోల్లో మామూలుగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్. ఒక్కసారి నొక్కి చూస్తూ కూర్చోకుండా టకటకా కొడుతూనే ఉండండి.

మింట్ నేరుగా పెన్‌డ్రైవ్‌లోంచే నడుస్తుంది, హార్డ్‌డిస్కులో ఏదీ మారదు. నా సలహా అయితే ఒక సాయంత్రమంతా అలాగే వాడండి. వైఫై పట్టిందా, సౌండ్ వస్తోందా, తెర వెలుతురు తగ్గించే కీలు పనిచేస్తున్నాయా, మీ ప్రింటర్‌ని గుర్తుపట్టిందా, ఇవన్నీ చూసుకున్నాకే డెస్క్‌టాప్ మీద ఉన్న ఇన్‌స్టాల్ నొక్కండి.

అందులో ఒక తెర వస్తుంది, అక్కడ మాత్రం ఫోన్ మోగినా ఎత్తకండి. విండోస్‌తో పాటు పక్కన ఇన్‌స్టాల్ చేయమంటారా అని ఒకటి, డిస్క్ మొత్తం ఎరేజ్ చేయమంటారా అని ఇంకొకటి ఉంటాయి. మొదటిది కనిపించకపోతే రెండోది నొక్కి చూద్దాం అనుకోవద్దు. వెనక్కొచ్చేయండి, విండోస్‌ని అది గుర్తుపట్టలేదని అర్థం. చాలా ఏళ్ల క్రితం మా బావమరిది ల్యాప్‌టాప్‌లో నేనే కబుర్లు చెబుతూ ఎరేజ్ నొక్కాను. వాళ్ల పెళ్లి ఫోటోలు అందులోనే ఉన్నాయి. ఇప్పటికీ ఆ ఇంట్లో కంప్యూటర్ మాట ఎత్తితే మా చెల్లెలు కాఫీ చల్లారాక ఇస్తుంది.

అను సంగతి. విండోస్‌లో అలాగే ఉంచుకోండి, దాన్ని లినక్స్‌లో నడపాలని కుస్తీ పట్టకండి. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల లెక్క) కావు కాబట్టి ఆ ఫైళ్లు మింట్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, కంగారుపడొద్దు, ఫైల్ పాడవలేదు. యూనికోడ్‌లో టైప్ చేయాల్సినవి మాత్రం మింట్‌లో హాయిగా చేసుకోవచ్చు. లినక్స్‌లో తెలుగు టైపింగ్‌కి వాడే ఐబస్‌తో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే తెలుగులో ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు యాపిల్ లేఅవుట్ కూడా ఉంటుంది, అనులో యాపిల్ కీబోర్డుకి అలవాటుపడిన వేళ్లకి కొత్తగా నేర్చుకునేది పెద్దగా ఉండదు. బ్యాంకు పనులు, మెయిళ్లు ఇక నుంచి మింట్‌లో చేసుకోండి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ఆగిపోయింది కాబట్టి అను పనిచేసేటప్పుడు నెట్ తీసేసి ఉంచితే మంచిది.

ప్రశ్న: విండోస్ పక్కన ఉబుంటు (మింట్ లాంటి లినక్సే) వేసుకున్నాక విండోస్‌లో టైమ్ తప్పు చూపిస్తోంది. సరిచేస్తాను, ఉబుంటులోకి వెళ్లి వస్తే మళ్లీ తప్పే. షాపులో చూపిస్తే మదర్‌బోర్డు బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేయించినా అంతే.
(వరంగల్ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని)

జవాబు: తల్లీ, ఎంత తప్పు చూపిస్తోందో లెక్కేశావా? రాత్రి 9కి విండోస్‌లో మధ్యాహ్నం 3:30 అని ఉంటుంది, అవునా? సరిగ్గా ఐదున్నర గంటలు. బ్యాటరీ పోతే తేదీ ఏ పదేళ్ల వెనక్కో పోతుంది కానీ ఇంత కచ్చితంగా తప్పదు. మదర్‌బోర్డులో ఉన్న గడియారంలో మన టైమే ఉందని విండోస్ నమ్ముతుంది, లినక్స్ ఏమో అందులో గ్రీనిచ్ లెక్క టైమ్ ఉంచుతుంది. మనకీ దానికీ తేడా ఐదున్నర గంటలు కదా, ఇద్దరూ ఒకే గడియారాన్ని వంతులవారీగా తిప్పుకుంటున్నారు, అంతే గొడవ. ఉబుంటులో టెర్మినల్ తెరిచి టైమ్‌డేట్‌సీటీఎల్, ఒక స్పేస్, సెట్-లోకల్-ఆర్‌టీసీ, ఒక స్పేస్, 1 అని కొట్టు. అన్నీ ఇంగ్లిష్ చిన్నక్షరాలు. ఇది మంచి పద్ధతి కాదని అదొక హెచ్చరిక ఇస్తుంది, ఇంట్లో వాడుకునే ల్యాప్‌టాప్‌కి పర్వాలేదు. ఆ తర్వాత విండోస్‌లో ఒక్కసారి టైమ్ సరిచేస్తే మళ్లీ మారదు. బ్యాటరీ డబ్బులు మాత్రం రావు.

ప్రశ్న: రూఫస్ లాంటిదే అయిన ఎచర్‌తో బూటబుల్ చేశాక నా 64 జీబీ పెన్‌డ్రైవ్ విండోస్‌లో కొన్ని ఎంబీలే చూపిస్తోంది, ఫార్మాట్ చేయమని అడుగుతోంది. పాడైపోయిందా?
(తణుకు నుంచి)

జవాబు: పాడవలేదు. ఎచర్ మూటని ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్ మీద అచ్చు గుద్దుతుంది, అందులో చాలా భాగం విండోస్‌కి అర్థం కాని అమరిక. ఇన్‌స్టాల్ అయ్యేదాకా ఫార్మాట్ అంటే క్యాన్సిల్ కొట్టండి. పని అయిపోయాక రూఫస్ తెరిచి, బూట్ సెలెక్షన్‌లో నాన్ బూటబుల్ ఎంచుకుని స్టార్ట్ ఇస్తే 64 జీబీ మొత్తం వెనక్కొస్తుంది. విండోస్‌లోని డిస్క్‌పార్ట్ కమాండ్‌తో క్లీన్ కొట్టమని ఎవరైనా చెబితే వద్దు. అందులో డిస్క్ నంబర్ ఒకటి తప్పు కొట్టారంటే ల్యాప్‌టాప్ ఖాళీ.

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్. పెన్‌డ్రైవ్‌తో ఉబుంటు బాగా నడుస్తోంది కానీ ఇన్‌స్టాల్ చేయబోతే అసలు ఎస్‌ఎస్‌డీయే కనిపించడం లేదు. బయోస్‌లో డిస్కు నడిచే పద్ధతిని ఏహెచ్‌సీఐకి మార్చమని ఫ్రెండ్ చెప్పాడు, మార్చాను, ఇప్పుడు విండోస్ రావడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.
(బెంగళూరు నుంచి)

జవాబు: ముందు బయోస్‌లోకి వెళ్లి పాత సెట్టింగే పెట్టండి, విండోస్ మళ్లీ వస్తుంది, టెన్షన్ పడొద్దు. మీ ఫ్రెండ్ చెప్పింది నిజమే, సగమే చెప్పాడు. ఇంటెల్ ఆర్ఎస్‌టీ లేదా వీఎండీ అనే డిస్కుల ఏర్పాటు ఆన్‌లో ఉంటే ఇన్‌స్టాలర్‌కి డిస్కు కనిపించకపోవచ్చు. దాన్ని మార్చేముందు విండోస్‌కి చెప్పి మార్చాలి. బిట్‌లాకర్ ఉంటే ఆపండి. సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో బూట్ ట్యాబ్‌కి వెళ్లి సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్ చేసి, అప్పుడు బయోస్‌లో మార్చండి. విండోస్ సేఫ్ మోడ్‌లో లేచి కొత్త డ్రైవర్ తగిలించుకుంటుంది. తర్వాత ఆ టిక్ తీసేసి మామూలుగా రీస్టార్ట్ చేయండి. అప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టండి.

ప్రశ్న: లినక్స్ నచ్చలేదు. విండోస్‌లోంచి ఆ పార్టిషన్ డిలీట్ చేసేస్తే సరిపోతుందా?
(కర్నూలు నుంచి)

జవాబు: ఈ వరుసలో చేస్తే సరిపోతుంది. ముందు బయోస్‌లోకి వెళ్లి బూట్ ఆర్డర్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని మొదటికి తెచ్చి, రెండుసార్లు రీస్టార్ట్ చేసి నేరుగా విండోస్ వస్తోందని చూసుకోండి. ఆ తర్వాతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ భాగం డిలీట్ చేసి, ఆ జాగాని సీ డ్రైవ్‌లో కలపండి. తిరగేసి చేస్తే ఉదయాన్నే నల్లటి తెర మీద గ్రబ్ (ఏ సిస్టమ్ లేపాలో అడిగే లినక్స్ ప్రోగ్రాం) అని ఒక్క మాట కనిపిస్తుంది. అప్పుడు కూడా విండోస్ ఎక్కడికీ పోదు, బయోస్‌లోకి వెళ్లి అదే బూట్ మేనేజర్‌ని పైకి తెచ్చుకోవడమే. ఈఎఫ్ఐ అని రాసి ఉన్న 100 ఎంబీల చిన్న పార్టిషన్ మాత్రం లినక్స్‌ది అనుకుని తీసేయకండి, అది విండోస్‌ది కూడా.