‘గడియ తీసినానంట’: నేను చేసిన పనికి ‘అంట’ చేర్చవచ్చా?

సందేహం: కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజు దగ్గరి ఇంట్లో జరిగే సస్పెన్స్ నవల రాస్తున్నాను. కథ చెప్పేది నిద్రమాత్రలు వాడే ఒక ఇల్లాలు. ‘పొద్దున లేచి చూస్తే వాకిలి తెరిచే ఉండాది. రాత్రి నేనే లేచి గడియ తీసినానంట. గ్లాసు పగిలింది. నాకేమీ గుర్తు లేదు’ అని రాశాను. ప్రూఫులు చూసినాయన, తన పని తాను చెప్పుకునేటప్పుడు ‘అంట’ రాకూడదని కొట్టేశారు. నిజమేనా? నమ్మదగని కథకుల గురించి కూడా నాలుగు మాటలు చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, కర్నూలు

సమాధానం: అమ్మా, ఆ ‘అంట’ను పోనివ్వకండి. అది అచ్చమైన తెలుగు వాక్యం. పుస్తకాల్లో ‘అట’గా కనిపించే ఈ ‘అంట’ చెప్పేది ఒక్కటే: ఈ సంగతి నేనుగా ఎరిగింది కాదు, ఒకరు చెబితే తెలిసింది అని. పని చేసింది ఎవరన్న దానితో దానికి నిమిత్తం లేదు. ‘పుట్టినప్పుడు నేను ఏడవలేదంట’, ‘జ్వరంలో రాత్రంతా ఏమేమో మాట్లాడినానంట’ అని మన ఇళ్లలో అనుకుంటూనే ఉంటాం. పసితనం, నిద్ర, మత్తు, జ్వరం... మన పనికి మనమే సాక్షులం కాని చోట ఉత్తమపురుషకూ ‘అంట’ చేరుతుంది. దాన్ని తీసేసి ‘గడియ తీసినాను’ అనిపిస్తే, ‘నాకేమీ గుర్తు లేదు’ అన్న మాట పొసగదు.

ఇదే ‘అంట’కు ఇంకో వాడుక ఉంది. ‘నేను దొంగిలించినానంట! విన్నారా?’ అన్నప్పుడు మరపు లేదు, మీద పడిన నిందను తోసిపుచ్చడం ఉంది. రూపం ఒకటే, తేడా అంతా గొంతులో. అచ్చులో గొంతు వినబడదు కాబట్టి మీ వాక్యాన్ని పాఠకులు రెండు విధాలా చదువుకుంటారు. ఈమెకు నిజంగానే గుర్తు లేదా, గుర్తుండీ ఒప్పుకోవడం లేదా? మీరు రాస్తున్న రకం నవలకు ప్రాణమైన ప్రశ్న అదే. దాన్ని రెండక్షరాల్లో పెట్టగలిగారు.

అంతకన్నా ముఖ్యమైనది మరొకటి. ‘అంట’ అన్నామంటే ఆ మాట చెప్పినవాళ్లు ఒకరుంటారు. తెరిచిన వాకిలి చూసి తనే ఊహించుకుంటే ‘తీసినట్టున్నాను’ అంటుంది. ‘తీసినానంట’ అందంటే ఎవరో చెప్పారన్నమాట. ఎవరు? మొగుడా, అత్తా, పక్కింటివాళ్లా? చెప్పినవాళ్లకు ఆ అర్ధరాత్రి ఏం పని? పౌలా హాకిన్స్ 2015లో రాసిన ‘ది గర్ల్ ఆన్ ద ట్రెయిన్’లో, తాగిన రాత్రులు గుర్తుండని రేచల్‌కు తను ఏం చేసిందో చెబుతూ వచ్చినవాడు మాజీ భర్త. నవల మలుపంతా ఆ చెప్పుడు మాటల మీదే ఆధారపడి ఉంది. రేచల్ కథే తెలుగులో పుట్టి ఉంటే ఆమె వాక్యాలు సగం ‘అంట’తోనే ముగిసేవి.

నమ్మదగని కథకుడు అన్న ఊహకు పేరు పెట్టింది అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్, 1961లో. రచన మొత్తం నిలబెట్టే విలువలకు కథకుడి మాట పొసగకపోతే ఆ కథకుణ్ణి నమ్మలేమన్నాడు. అంటే పాఠకుడు మొత్తం చదివి తేల్చుకోవాలి. అది నిజమే కానీ, తెలుగులో క్రియ చివరే కొంత ఆచూకీ దొరుకుతుందని నా అభిప్రాయం. మన సస్పెన్స్ రచయితలు ఈ సౌకర్యాన్ని ఇంకా గట్టిగా వాడుకోవాలని నా కోరిక.

మీ మూడో వాక్యమే చూడండి: ‘గ్లాసు పగిలింది’. ‘పగలగొట్టినాను’ అనలేదు, ‘పగిలిందంట’ అని కూడా అనలేదు. పగులు–పగలగొట్టు, తెగు–తెంచు, విరుగు–విరుచు వంటి జంటల్లో మొదటిది వాడితే చేసిన చెయ్యి కనబడదు. అబద్ధమూ కాదు. అగాథా క్రిస్టీ 1926లో రాసిన రోజర్ అక్రాయిడ్ నవలలో కథకుడి నేర్పు ఇలాంటిదే. అబద్ధమాడకుండానే, అసలైన కొద్ది నిమిషాలను ఒక పొడి వాక్యంతో దాటేస్తాడు. మీ ఇల్లాలికి గడియ సంగతి ఒకరు చెబితే తెలిసింది, గ్లాసు సంగతి మాత్రం తానుగా తెలిసినట్టు చెబుతోంది. ముక్కలు పొద్దున కళ్లబడ్డాయా, పగిలిన చప్పుడు రాత్రే విన్నదా? ఇది మీరు కావాలని చేసి ఉంటే చాలా బాగుంది. కాకపోతే ‘గ్లాసు పగిలి ఉండాది’ అని మార్చండి, పొద్దున చూసినట్టవుతుంది.

సాహిత్యంలో పోలికలు వెతుక్కుంటే దూరం పోనక్కరలేదు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చిన కళాపూర్ణోదయంలో రంభ రూపంలో కలభాషిణి, నలకూబరుడి రూపంలో మణికంధరుడు కలుసుకుంటారు. ఒకరి గుట్టు ఒకరికి తెలియదు. అయితే అక్కడ మోసపోయేది పాత్రలు. కవి మాట నమ్మదగినదే, సమయం వచ్చేదాకా విప్పడు, అంతే. దాన్ని గుట్టు దాచిన కథనం అనాలి గాని నమ్మదగని కథనం అనకూడదు. విమర్శ వ్యాసాల్లో ఈ రెండూ తరచు కలిసిపోతుంటాయి.

చివరిగా, ‘అంట’ను ‘అట’ చేయమని ఇంకెవరైనా సలహా ఇస్తే వినకండి. ‘వాకిలి’, ‘ఉండాది’, ‘తీసినాను’ అనే మనిషి నోట ‘తీశానట’ వస్తే అది రచయిత్రి దిద్దిన మాటని తెలిసిపోతుంది. పాఠకుల అనుమానం కథ చెప్పే ఇల్లాలి మీద ఉండాలి, మీ మీద కాదు.