స్లీవ్ ఆపరేషన్ తర్వాత తిరిగొచ్చిన 12 కిలోలు

బరువు తగ్గడానికి కడుపు చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్‌తో 112 కిలోల నుంచి 71కి దిగి, నాలుగేళ్లలో మళ్ళీ 83కి చేరానని, అద్దంలో చూసుకుంటే ఏడుపొస్తోందని, "లక్షలు పోసి కడుపు కోయించుకుని ఏం సాధించావు" అని అత్తగారు అంటున్నారని మహబూబ్‌నగర్ నుంచి రాశారు. నేనూ స్లీవ్ చేయించుకున్నదాన్నే, మాది నల్గొండ. తగ్గినదాంట్లో దాదాపు మూడో వంతు నాకూ తిరిగొచ్చింది. ఓదార్చే ముందు మీ లెక్క ఒకటి సరిచేస్తాను.

ఆపరేషన్ నాటి బరువుతో చూస్తే ఈ రోజుకూ మీరు 29 కిలోలు తక్కువ. అంటే పాత బరువులో నాలుగో వంతుకు పైనే. స్వీడన్‌లో 1987లో మొదలై ఏళ్ల తరబడి సాగిన అధ్యయనం ఒకటుంది. అందులో కడుపు బైపాస్ (బరువు తగ్గడానికే, తిండి జీర్ణాశయంలో చాలా భాగాన్ని తప్పించుకుని పేగులోకి వెళ్లేలా చేసే మరో ఆపరేషన్) చేయించుకున్నవాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు, పదేళ్ల నాటికి ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. కొంత తిరిగి రావడం ఈ ఆపరేషన్ల దారిలోనే ఉంది. ఈ మాట ముందే గట్టిగా చెప్పి ఉంటే మనలాంటివాళ్లకు సగం ఏడుపు తప్పేది. నాకు మాత్రం ఇక జన్మలో పెరగరు అన్నట్టే చెప్పి పంపారు.

స్లీవ్‌లో జీర్ణాశయం 75 నుంచి 80 శాతం దాకా తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దానితోనే పోతుంది. అందుకే మొదటి ఏడాది అన్నం చూస్తేనే చాలనిపిస్తుంది. తర్వాత మిగిలిన సంచి కొంత సాగుతుంది, ఆకలి మళ్ళీ మొదలవుతుంది. పైగా తగ్గిన ఒంటికి రోజువారీ శక్తి ఖర్చు కూడా తక్కువ. 112 కిలోలప్పుడు చాలని తిండి ఇప్పుడు మిగిలిపోయి కొవ్వుగా చేరుతుంది. ఇందులో మీ నోటి మీద మీకు అదుపు లేదనే మాటకు పెద్దగా చోటు లేదు.

అయినా తిండి సంగతి మాట్లాడుకోక తప్పదు. స్లీవ్ గట్టి పదార్థాలను నిలేస్తుంది. కోడికూర, జొన్నరొట్టె నాలుగు ముద్దలకే చాలిపోతాయి. జారిపోయేవాటిని మాత్రం అది ఆపలేదు. మా జిల్లా బత్తాయిలకు పేరు, ఇంటికి ఎవరొచ్చినా రసం తీయడం మర్యాద. పండు తొనలుగా తింటే ఒక్కదానితో ఆగిపోతాం. రసమైతే మూడు నాలుగు పండ్ల చక్కెర నిమిషంలో దిగిపోతుంది, గంటకల్లా మళ్ళీ ఆకలి. సకినాలు అంతకన్నా మాయదారివి. నోట్లో పొడై, టీతో కరిగిపోయి, ఎన్ని తిన్నా కడుపు నిండినట్టే ఉండదు. నా బరువు పెరిగింది భోజనాల దగ్గర కాదు, వాటి మధ్యలో. రెండు పూటలా గుప్పెడే తింటున్నానని మీరు రాశారు, నమ్ముతున్నాను. రోజుకు టీలు ఎన్నో మాత్రం రాయలేదు.

నేను పాటించేవి పెద్దగా ఏమీ లేవు. కంచంలో ముందు గుడ్డో, పప్పో, మాంసమో, పనీరో తింటాను, అన్నం ఆఖరున. ప్రోటీన్ రోజుకు 60 గ్రాములకు తగ్గొద్దని మా డైటీషియన్ మాట. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే కాబట్టి ఇది అనుకున్నంత తేలిక కాదు. భోజనంతో నీళ్లు తాగను, అరగంట ఆగుతాను. పొద్దున ఎన్‌జీ కాలేజీ మైదానంలో నడక, ఇంట్లో చిన్న బరువులు ఎత్తడం. కండ నిలబడాలంటే నడక ఒక్కటే చాలదు. సద్దుల బతుకమ్మ నాడు మలీద తింటాను, డబ్బాలో మాత్రం ఇంటికి తెచ్చుకోను.

మీరు రాసినదాంట్లో నాకు నిజంగా భయం వేసిన మాట వేరే ఉంది: "రెండేళ్లుగా డాక్టరు దగ్గరికి వెళ్లలేదు, మొహం చెల్లక." బరువు పెరిగినవాళ్లే ఫాలోఅప్ మానేస్తారు, అవసరం ఉన్నదీ వాళ్లకే. స్లీవ్ అయినవాళ్లు బి12, ఐరన్, విటమిన్ డి జీవితాంతం చూసుకుంటూ ఉండాలి. మీరు చెప్పిన నీరసం, జుట్టు రాలడం అక్కడి నుంచి కూడా రావచ్చు. థైరాయిడ్ చూపించండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, మానసిక సమస్యలకు ఇచ్చే కొన్ని మందులు బరువు పెంచుతాయి. అలాంటివి వాడుతుంటే మీ అంతట మీరు ఆపకుండా డాక్టరుతో చెప్పండి. గుండెల్లో మంట, రాత్రిళ్లు పుల్లటి తేన్పులు ఉంటే అదీ దాచకండి. అప్పుడు ఎండోస్కోపీ చేసి చూస్తారు, అవసరమైతే స్లీవ్‌ను బైపాస్‌గా మార్చే సంగతి మాట్లాడతారు. కేవలం 12 కిలోల కోసం మళ్ళీ కత్తి కిందికి వెళ్లొద్దని నా అభిప్రాయం. ఇప్పుడు బరువు తగ్గించే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి. స్లీవ్ తర్వాత పెరిగినవాళ్లకూ కొందరికి రాస్తున్నారు. ఖరీదైనవి, ఆపేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది. ఎవరో వాడుతున్నారని మందుల షాపులో అడిగి కొనుక్కునేవి కావు.

అత్తగారికి జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. షుగర్ మాత్రలు ఆగిపోయాయని, మోకాళ్ల నొప్పి లేకుండా మెట్లెక్కుతున్నానని మీరే రాశారు. ఆ లక్షలు పోసింది దీనికే అని చెప్పండి. ఆమె వినకపోవచ్చు. మనుషుల్లోకి రాబుద్ధి కావడం లేదన్నారు కదా, అది వారాల తరబడి అలాగే ఉంటే మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

డాక్టరుకు చూపించుకోవడానికి హైదరాబాద్ వెళ్లే ముందే రక్త పరీక్షలు మహబూబ్‌నగర్‌లో చేయించుకోండి. ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం, ఏ ఏడాది ఎంత బరువున్నారో ఒక చీటీ, టీలు కూడా కలిపి వారం రోజుల తిండి రాసుకున్న పుస్తకం వెంట పెట్టుకోండి. ఆ డాక్టరు కూడా మీ అత్తగారిలాగే మాట్లాడితే, డాక్టరును మార్చడం తేలికే.