టెక్ సందేహాలు: చక్రం తిరుగుతుంది, క్రోమ్ మాత్రం రాదు

ప్రశ్న: విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో నాలుగు రోజులుగా క్రోమ్ తెరుచుకోవడం లేదు. ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేస్తే మౌస్ బాణం పక్కన చక్రం క్షణం పాటు తిరిగి ఆగిపోతుంది. ఎర్రర్ కూడా ఏదీ చూపించదు. రెండుసార్లు తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. విండోస్‌తో పాటే వచ్చే ఎడ్జ్ బ్రౌజర్ బాగానే పనిచేస్తోంది. తెలిసినవాళ్లు ఫార్మాట్ కొట్టించెయ్ అంటున్నారు. అంతే చేయాలా?

జవాబు: వద్దండీ. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఉంటుంది. ఎడ్జ్‌లో సైట్లు వస్తున్నాయంటే మీ నెట్ బాగుంది, విండోస్ కూడా దాదాపు బాగున్నట్టే. గొడవంతా క్రోమ్ దగ్గరే, లేదా దాన్ని లేవనివ్వని ఇంకో సాఫ్ట్‌వేర్ దగ్గర.

రెండుసార్లు ఇన్‌స్టాల్ చేసినా ఎందుకు మారలేదో ముందు చెబుతాను, ఎందుకంటే ఈ ఉత్తరాలు రాసేవాళ్లలో చాలామంది అక్కడే ఇరుక్కుంటారు. క్రోమ్ మీ ల్యాప్‌టాప్‌లో రెండు చోట్ల కాపురం ఉంటుంది. ప్రోగ్రామ్ ఒకచోట. మీ సరంజామా, అంటే బుక్‌మార్కులు, హిస్టరీ, పాస్‌వర్డ్‌లు, ఎక్స్‌టెన్షన్లు ఇంకోచోట. అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు బ్రౌజింగ్ డేటా కూడా తీసేయాలా అని ఓ చిన్న గడి అడుగుతుంది. దాంట్లో టిక్ పెట్టకపోతే ప్రోగ్రామ్ ఒక్కటే పోతుంది, సరంజామా ఎక్కడిదక్కడే ఉంటుంది. పాడైంది ఆ సరంజామానే అయితే, కొత్తగా వచ్చిన క్రోమ్ కూడా పాత ఫోల్డర్‌నే తెరవబోయి అక్కడే బోర్లా పడుతుంది. అలాగని ఇప్పుడు వెళ్లి టిక్ పెట్టి తీసేయకండి. ఏం పోతుందో తెలుసుకోకుండా ఆ గడి జోలికి వెళ్లొద్దు.

మొదట ల్యాప్‌టాప్‌ని రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేశానంటే కుదరదు. ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినప్పుడు విండోస్ తన డ్రైవర్ల (హార్డ్‌వేర్‌ని నడిపించే చిన్న సాఫ్ట్‌వేర్ల) స్థితిని డిస్క్‌లో దాచుకుని, మర్నాడు దాన్నే లేపుతుంది. రీస్టార్ట్‌లో మాత్రం అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి. పేరు చూస్తే షట్‌డౌనే పెద్ద పనిలా అనిపిస్తుంది గానీ, ఇక్కడ సంగతి తిరగబడింది.

అయినా తెరుచుకోలేదా? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డీటెయిల్స్ అనే భాగానికి వెళ్లి, పేరు వరసలో క్రోమ్ ఉండాల్సిన చోట కన్నేసి ఉంచండి. ఇప్పుడు క్రోమ్ ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేయండి. ఆ రెండు మూడు సెకన్లలో అక్కడ ఏం జరుగుతుందో చూస్తే రోగం ఏ వైపుందో తెలుస్తుంది.

మీరు క్లిక్ చేయకముందే అక్కడ క్రోమ్ వరసలు కనిపిస్తున్నాయనుకోండి. పాత క్రోమ్ ఒకటి కిటికీ లేకుండా వెనకాల బిగుసుకుపోయి ఉంది. ఒక సరంజామా ఫోల్డర్‌కి ఒకే క్రోమ్ నడుస్తుంది. మీరు మళ్లీ క్లిక్ చేసినప్పుడల్లా కొత్తగా లేచినది, ముందే ఒకటి ఉందని చూసి, ‘కొత్త కిటికీ నువ్వే తెరువు’ అని దానికి అప్పగించి తప్పుకుంటుంది. ఆ ఉన్నదేమో ఉలకదు, పలకదు. మీకు కనిపించేది చక్రం తిరిగి ఆగడమే. ఆ వరసల్ని ఎంచుకుని ఎండ్ టాస్క్ కొట్టండి, అన్నీ పోయాక మళ్లీ తెరవండి. పదీ పదిహేను వరసలున్నాయని వైరస్ అనుకుని కంగారు పడకండి. 2008లో వచ్చిన నాటి నుంచి క్రోమ్ పద్ధతే అది, ట్యాబ్‌లనీ ఎక్స్‌టెన్షన్లనీ విడివిడి ప్రాసెస్‌లుగా నడుపుతుంది. తెరుచుకున్నాక సెట్టింగ్స్‌లో సిస్టమ్ అనే విభాగానికి వెళ్లి, క్రోమ్ మూసేశాక కూడా బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లు నడవనిచ్చే మీటను ఆపేయండి. దీనివల్ల ఇలా వెనకాల మిగిలిపోవడం తగ్గుతుంది.

క్లిక్ చేయగానే క్రోమ్ పేరు కనిపించి, రెప్పపాటులో మాయమవుతోందా? అప్పుడు నా మొదటి అనుమానం సరంజామా మీద. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో నొక్కి హిడెన్ ఐటమ్స్‌కి టిక్ పెట్టండి. తర్వాత సీ డ్రైవ్, యూజర్స్, మీ పేరున్న ఫోల్డర్, యాప్‌డేటా, లోకల్, గూగుల్, క్రోమ్, యూజర్ డేటా... ఇలా లోపలికి దిగండి. అక్కడ డిఫాల్ట్ అనే ఫోల్డర్ ఉంటుంది. క్రోమ్‌లో ఒకరికంటే ఎక్కువమంది ప్రొఫైల్స్ పెట్టుకుంటే ప్రొఫైల్ 1, ప్రొఫైల్ 2 అని కూడా ఉంటాయి. టాస్క్ మేనేజర్‌లో క్రోమ్ ఏదీ లేదని చూసుకుని, డిఫాల్ట్ ఫోల్డర్ పేరు చివర ‘పాతది’ అని చేర్చండి. పేరు మార్చడమే, తీసేయడం కాదు. ఇప్పుడు క్రోమ్ తెరవండి. దానికి పాత ఫోల్డర్ కనిపించదు కాబట్టి కొత్తది తయారు చేసుకుంటుంది.

తెరుచుకుందంటే దొంగ దొరికినట్టే. గూగుల్ అకౌంట్‌లో సింక్ (మీ సరంజామా కాపీని అకౌంట్‌లోనూ ఉంచే ఏర్పాటు) పెట్టుకుని ఉంటే, లాగిన్ కాగానే బుక్‌మార్కులూ పాస్‌వర్డ్‌లూ వాటంతటవే వస్తాయి. సింక్ లేకపోతే క్రోమ్ పూర్తిగా మూసేసి, పాత ఫోల్డర్‌లోంచి బుక్‌మార్క్స్ అనే ఫైల్‌ని కొత్త డిఫాల్ట్‌లోకి కాపీ చేయండి. ఆ ఫైల్ పేరు చివర చుక్కా, తోకా ఏమీ ఉండవు. అది పాడైతే దాని పక్కనే బ్యాకప్ కాపీ ఒకటి ఉంటుంది. పాత ఫోల్డర్ మొత్తాన్ని తెచ్చి కొత్తదాని మీద పోయకండి, పాడైన ఫైలూ దానితోపాటే వచ్చేస్తుంది. సింక్ లేని పాస్‌వర్డ్‌ల కథ వేరు. అవి మీ విండోస్ అకౌంట్‌తో ముడిపడిన తాళంలో ఉంటాయి, ఫైల్‌ని ఇంకో కంప్యూటర్‌కి తీసుకెళ్లినా విప్పలేరు. ఫార్మాట్ వద్దని గట్టిగా అన్నది అందుకే. పాత ఫోల్డర్‌ని ఓ నెల రోజులు అలాగే ఉంచండి.

ఇక అసలు పేరే కనిపించకపోతే, లేదా ఫోల్డర్ మార్చినా మాయమవుతూనే ఉంటే, ఎవరో గుమ్మంలోనే ఆపుతున్నారు. యాంటీవైరస్ కావచ్చు, పిల్లల కోసం పెట్టిన ఫిల్టర్ కావచ్చు, నిజంగానే మాల్వేర్ కావచ్చు. తేల్చడానికి ఓ మోటు చిట్కా ఉంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో గూగుల్, క్రోమ్, అప్లికేషన్ ఫోల్డర్‌కి వెళ్లి క్రోమ్ ఫైల్ పేరు చివర 1 అంకె చేర్చి, దాని మీదే డబుల్ క్లిక్ చేయండి. తెరుచుకుంటే, ఆపేవాళ్లు పేరు చూసి ఆపుతున్నారని అర్థం. 2025 జూన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీలో వచ్చిన లోపం వల్ల పిల్లల అకౌంట్లున్న విండోస్ కంప్యూటర్లలో క్రోమ్ తెరుచుకోకుండా పోయింది, ఫైల్ పేరు మారిస్తే మాత్రం తెరుచుకుంది. పరీక్ష అయ్యాక పాత పేరు తిరిగి పెట్టేయండి, లేకపోతే అప్‌డేట్‌లతో చిక్కు. ఆ తర్వాత యాంటీవైరస్‌లో నిలిపేసిన వాటి జాబితా చూడండి. అక్కడా ఏమీ లేకపోతే విండోస్ సెక్యూరిటీలోని ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. అది విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కోవడం కష్టం.

రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ పెడితే తెరుచుకుంటుందని కొందరు చెబుతారు. ఒక్కోసారి తెరుచుకుంటుంది కూడా. రోజూ అలా వాడటం మాత్రం నాకు నచ్చదు. ఊరూ పేరూ తెలియని సైట్లన్నీ తిరిగే ప్రోగ్రామ్‌కి ఇంటి తాళాల గుత్తి ఇచ్చినట్టే.

ఇంకొకటి, సిగ్గుపడుతూనే చెబుతాను. ఓసారి నా ల్యాప్‌టాప్‌లోనే బ్రౌజర్ ఇలా మొరాయిస్తే సాయంత్రమంతా ఫోల్డర్లు తవ్వాను. తీరా చూస్తే సీ డ్రైవ్ గీత ఎర్రగా నిండిపోయి ఉంది. బ్రౌజర్ లేవగానే ఏదో ఒకటి రాసుకోవాలి, రాయడానికి చోటే లేదు. డౌన్‌లోడ్స్‌లో పేరుకుపోయిన పాత వీడియోలు తీసేశాక నోరెత్తకుండా తెరుచుకుంది. కాబట్టి పై పనులన్నిటికంటే ముందు ఓసారి దిస్ పీసీ తెరిచి ఆ గీత చూసుకోండి.

ప్రశ్న: నాది కొంచెం వేరే. టాస్క్‌బార్‌లో బ్రౌజర్ తెరుచుకున్నట్టే గీత కనిపిస్తుంది. మౌస్ పెడితే బుల్లి బొమ్మ కూడా వస్తుంది. నొక్కితే తెర మీద ఏమీ లేదు. మామూలుగా ల్యాప్‌టాప్‌ని టీవీకి కలుపుతుంటాను.

జవాబు: జవాబు మీ ఆఖరి వాక్యంలోనే ఉంది. కిటికీ తెరుచుకుంటోంది, కానీ టీవీ వైపు. టీవీ ఆపేసినా కేబుల్ ఉంటే రెండో తెర ఇంకా ఉందనే విండోస్ అనుకోవచ్చు. కేబుల్ పీకేసి చూడండి. లేదా విండోస్ మీటతో పాటు పీ నొక్కి, పీసీ స్క్రీన్ ఓన్లీ ఎంచుకోండి. అప్పటికీ రాకపోతే టాస్క్‌బార్‌లో ఆ బుల్లి బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి మూవ్ నొక్కండి. తర్వాత కీబోర్డు మీద బాణం మీట ఏదైనా ఒక్కసారి తట్టి మౌస్ కదిపితే, కిటికీ బాణానికి అతుక్కుని వచ్చేస్తుంది. మూవ్ బూడిద రంగులో ఉండి నొక్కనివ్వకపోతే ముందు రిస్టోర్ కొట్టండి.

కిటికీ వచ్చి లోపల అంతా నల్లగానో తెల్లగానో ఉంటే అది గ్రాఫిక్స్ డ్రైవర్ గోల. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే తెర ఒకసారి మిణుక్కుమని డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది.

ప్రశ్న: విండోస్ 7 ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో కొత్త క్రోమ్ ఎంత ప్రయత్నించినా ఎక్కడం లేదు. ఎక్కించే దారి ఉందా?

జవాబు: లేదు. విండోస్ 7, 8.1లకు క్రోమ్ 109తోనే ఆగిపోయింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి కనీసం విండోస్ 10 ఉండాలి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో వాటికి దక్కే ఆఖరి రకం 115 ఈఎస్ఆర్ (ఎక్కువ కాలం అప్‌డేట్‌లు ఇచ్చే వెర్షన్). అది ఎక్కుతుంది గానీ, విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్‌లు 2020 జనవరి 14తోనే ఆపేసింది కాబట్టి ఆ ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పనులు పెట్టుకోకండి. హార్డ్‌వేర్ బాగుంటే విండోస్‌కి బదులు వాడుకోగలిగే తేలికపాటి లినక్స్ ఏదైనా పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. డిస్క్‌లో ఏదీ మార్చకుండానే వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో తెలిసిపోతుంది.