ఫ్యాక్టరీ లెక్కల సిస్టమ్‌కు సర్వర్ ఆఫీసులోనా, క్లౌడ్‌లోనా? చెన్నై అనుభవంతో ఒక జవాబు

శ్రీపెరంబుదూరు దగ్గర నలభై మంది పనిచేసే విడిభాగాల సంస్థకు స్టాకు, బిల్లింగ్, జీతాల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ కొంటున్నామని, దానికి ఆఫీసులోనే సర్వర్ పెట్టుకోవాలా, క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా వాడుకునే వేరే కంపెనీ మెషీన్లలో, అద్దెకు తీసుకోవాలా అని మీరు అడిగారు. నా సలహా క్లౌడ్‌కే మొగ్గుతుంది. అయితే దానికి నా కారణం ఖర్చు కాదు.

2015లో నేను చెన్నైలోని ఎక్కాట్టుతాంగల్‌లో ఒక మందుల పంపిణీ సంస్థలో సిస్టమ్స్ పని చూసేవాడిని. బరువైన యూపీఎస్ బ్యాటరీలు పైకి మోయడం కష్టమని సర్వర్ గదిని కింది అంతస్తులోనే కట్టారు. డిసెంబరు 1 రాత్రి అడయారు నది పొంగింది. నీరు తీశాక గది తలుపు తెరిచి చూస్తే, ర్యాక్ మీద నడుము ఎత్తున బురద చార స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. రోజూ బ్యాకప్ తీసే డిస్కు అదే గదిలో, బీరువా కింది అరలో ఉండేది కనుక అదీ పోయింది. మమ్మల్ని కాపాడింది, మేనేజరు గారు పెరంబూరులోని తమ ఇంటికి తీసుకువెళ్లి తిరిగి తేవడం మరచిపోయిన మరో డిస్కు. అది పంతొమ్మిది రోజుల పాతది. ఆ పంతొమ్మిది రోజుల బిల్లుల కార్బన్ కాపీలను డాబా మీద తాళ్లకు ఆరేసి, అంటుకుపోయిన వాటిని ఒక్కొక్కటిగా విడదీసి, మళ్లీ టైపు చేశాం.

అప్పుడు మా సిస్టమ్ క్లౌడ్‌లో ఉండి ఉంటే పని ఆగేది కాదని నేను అనను. కరెంటు, ఫోన్లు, ఇంటర్నెట్ అన్నీ పోయిన ఆ రోజుల్లో పని ఎలాగూ ఆగేది. లెక్కలు మాత్రం మిగిలేవి. అందువల్ల ఎన్ని గంటలు పని ఆగితే తట్టుకోగలరు, ఎంత కాలపు లెక్కలు పోతే తట్టుకోగలరు అనే రెండు ప్రశ్నలను కలపకుండా విడివిడిగా వేసుకోండి. మీ వంటి సంస్థ సాధారణంగా ఒక పూట ఆగినా సర్దుకుంటుంది, కానీ ఒక వారం లెక్కలు పోతే కోలుకోవడం కష్టం.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చేనాటికి నేను అంబత్తూరు ఎస్టేటులో మరో సంస్థకు మారాను. అక్కడ సిస్టమ్ ముంబయిలోని క్లౌడ్‌లో ఉంది. మా వీధిలో నీరు నిలిచి మూడు రోజులు ఆఫీసు తెరవలేకపోయినా, పెళ్లికని హైదరాబాదు వెళ్లిన మా అకౌంటెంటు అక్కడి నుంచే తన ల్యాప్‌టాప్‌లో బిల్లులు చేసి పంపారు. మేము చేసిన ఏర్పాటు ఫలించిన సందర్భం అదొక్కటే కాదు గానీ, యజమానికి నమ్మకం కుదిరింది మాత్రం ఆ రోజునే.

ఇంటర్నెట్ లైను పోతే క్లౌడ్ ఎందుకు పనికొస్తుందని మీ వాళ్లు అడుగుతారు. వార్షిక టర్నోవరు 5 కోట్ల రూపాయలు దాటిన సంస్థలు ఇతర వ్యాపార సంస్థలకు ఇచ్చే బిల్లులకు 2023 ఆగస్టు 1 నుంచి ఇ-ఇన్వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా నమోదు చేసే బిల్లు, తప్పనిసరి. సరుకు విలువను బట్టి, దాన్ని రవాణా చేయడానికి ఆన్‌లైన్‌లోనే తీసే ఇ-వే బిల్లు కూడా కావాలి. కాబట్టి సర్వర్ మీ బల్ల కిందే ఉన్నా, లైను లేనిదే లారీ గేటు దాటదు. ఒక ఫైబర్ లైను, దానికి తోడు వేరే కంపెనీది ఒక మొబైల్ డేటా కనెక్షన్ పెట్టుకోండి. హాజరు యంత్రం, తూకం యంత్రం వంటివి మాత్రం లైను లేకపోయినా తమలో నమోదు చేసుకొని తరువాత పంపేలా ఉండాలి.

ఖర్చు విషయంలో క్లౌడ్ చౌక అనే మాటను నమ్మకండి. సర్వర్ కొంటే యూపీఎస్ బ్యాటరీలు, ఏసీ, రాత్రి రెండింటికి ఫోనెత్తే మనిషి ఖర్చు కలుస్తాయి. క్లౌడ్‌లోనైతే మీటరు ఆగదు. పరీక్ష కోసం తెరిచిన పెద్ద మెషీన్‌ను దీపావళి సెలవులకు ముందు ఆపడం మరచిపోయి, ఆ నెల బిల్లు చూసి యజమాని ముందు తల దించుకున్నవాడిని నేనే. ఖర్చు ఒక హద్దు దాటగానే మెయిల్ వచ్చేలా మొదటి రోజే పెట్టుకోండి. మీకు ఒక స్థిరమైన చిన్న మెషీను, లెక్కలు దాచడానికి వేరుగా ఒక డేటాబేస్ సేవ చాలు. పెద్ద సంస్థలు ఎన్నో మెషీన్లను కలిపి నడపడానికి వాడే కుబర్నెటీస్ అంటూ ఎవరైనా వస్తే టీ ఇచ్చి పంపండి. క్లౌడ్ కంపెనీ 99.9 శాతం అందుబాటు అని మాటిస్తే ఏడాదికి సుమారు ఎనిమిది గంటల నలభై అయిదు నిమిషాలు ఆగవచ్చని అర్థం. అంతకన్నా ఎక్కువ ఆగినా వాళ్లు బిల్లులో కొంత తగ్గిస్తారే తప్ప మీ నష్టం కట్టివ్వరు.

బ్యాకప్ మరో నగరంలో ఉండాలి. అమెజాన్ వారి ముంబయి క్లౌడ్ కేంద్రం 2016లో, హైదరాబాదు కేంద్రం 2022లో మొదలయ్యాయి కనుక అసలు ఒకచోట, నకలు మరోచోట పెట్టుకుంటే రెండూ దేశంలోనే ఉంటాయి. మూడు నెలలకోసారి ఆ నకలును ఖాళీ మెషీన్‌లో తెరిచి, నిన్నటి చివరి బిల్లు నంబరు అందులో ఉందో లేదో మీ అకౌంటెంటు చేత చూపించండి.

వీటన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. మన దగ్గర అమ్మే లెక్కల సాఫ్ట్‌వేర్లలో కొన్ని యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్సు ఉన్నట్టు చూపే, పెన్‌డ్రైవ్ వంటి చిన్న పరికరం) గుచ్చితే గానీ తెరుచుకోవు, క్లౌడ్ మెషీన్‌కు దాన్ని గుచ్చే చోటుండదు. డాంగిల్ లేని లైసెన్సు ఇస్తారా అని అమ్మేవారిని అడిగి, జవాబును మెయిల్‌లో తెప్పించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.