అంత బిగించకు

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

కప్ప చర్మంలో కణాలు ఎలా కలిసి ఉంటాయో, ఎలా మాట్లాడుకుంటాయో చూడటానికి హబ్సిగూడలో పరిశోధనకు చేరుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. పొద్దున నల్లకుంటలో కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు.

అనుమతి కాగితాలు వచ్చేదాకా కప్పను ముట్టుకోకు. క్రీము, దోమల మందు అంటిన చేతులతో అసలే వద్దు. కప్ప ఆ చర్మంతోనే నీరు తీసుకుంటుంది, ఊపిరీ పీలుస్తుంది. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమంతా నీ చేతి బిగువు గురించి. 1951లో ఉస్సింగ్, జెరాన్ అనే శాస్త్రవేత్తలు చూపిన పద్ధతిలోనే మేమూ చేసేవాళ్లం. ఛాంబర్ మధ్య చర్మాన్ని తెరలా అమర్చి, రెండు వైపులా ఉప్పు ద్రావణం పోసి, విద్యుత్తు కొలవడం. నా ఛాంబర్ బొట్టు బొట్టుగా కారేది. గురువుగారు చూస్తారన్న భయంతో మరలు ఒళ్లంతా బలం చేసుకుని బిగించాను. కారడం ఆగింది, కానీ చర్మం విద్యుత్ నిరోధం పడిపోయింది. కణాల మధ్య సందులు మూసి ఉంచే టైట్ జంక్షన్లే సడలాయనుకుని నెలన్నర ఏవేవో రాసుకున్నాను! గురువుగారు తిట్టలేదు. చర్మం అమర్చే కిటికీ చిన్నగా ఉన్న ఛాంబర్‌తో, పెద్దగా ఉన్న ఛాంబర్‌తో విడివిడిగా కొలవమన్నారు. విద్యుత్తు లీకు కిటికీ వైశాల్యాన్ని బట్టి కాక చుట్టుకొలతను బట్టి పెరిగింది, అంటే లోపం అంచులోనే. చర్మం విప్పి చూస్తే, బిగుతు గాజు ముంజేతి మీద అచ్చు వేసినట్టు, చుట్టూ నలిగిన వలయం.

అంచుకు సిలికాన్ గ్రీజు పలుచగా రాయి. కారడం ఆగిన చోటే మర తిప్పడం ఆపు. చెరువు నీటి వైపు నుంచి పై కణంలో చేరిన సోడియం గ్యాప్ జంక్షన్ల గుండా లోపలి పొరలకు పోతుంది. పక్కపక్క కణాల మధ్య, అటు కణంవి ఆరు, ఇటు కణంవి ఆరు ప్రొటీన్లు కలిసి కట్టిన సన్నని దారులవి. కణం నలిగితే కాల్షియం లోపలికి పొంగి ఆ దారులు మూసుకుంటాయి. మరి నువ్వు వినబోయే మాటలు ఆ దారుల్లోవే కదా!

కోపం తెచ్చుకోకు తల్లీ. మొన్న నువ్వు మూత పెట్టిన ఊరగాయ సీసా తీయడానికి మీ నాన్న, నేను ఇద్దరం పట్టాల్సి వచ్చింది. నా పాత ఛాంబర్ బీరువాలో ఉంది, ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. మీ పెద్దమ్మ పులిహోర చేస్తానంటోంది.

పెదనాన్న