మ్యానిఫోల్డ్ వెల్డ్ చేసేముందు

చిరంజీవి అల్లుడికి,

నీ విమానానికి మజ్దా 13బీ రోటరీ ఇంజిన్ (పిస్టన్లకి బదులు రెండు రోటర్లు తిరిగేది) పెడుతున్నావనీ, దానికి గాలి అందించే గొట్టాల అమరిక, అదే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్, కూడా నువ్వే చేసుకుంటానంటున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంగా అనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

నీకు తెలిసినవే ఎక్కువ చెప్పను. రన్నర్ల, అంటే ఒక్కో రోటర్‌కి గాలి తీసుకెళ్లే గొట్టాల, పొడవు క్రూయిజ్‌లో నువ్వు తిప్పే ఆర్‌పీఎంకి సరిపోతే చాలు, ఇది కారు కాదు. వెల్డింగ్ వేడికి ఇంజిన్‌కి బిగించే ప్లేటు, ఫ్లాంజ్, వంగుతుంది. మందం ప్లేటు తీసుకుని, తర్వాత చదును చేయించు. లోపల అల్యూమినియం రజను మిగిలితే రోటర్ మూలల్లో ఉండే అపెక్స్ సీళ్లు పోతాయి, రెండుసార్లు కడుగు. 13బీలో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే వైపు. పైన పెట్రోలు, కింద ఎర్రగా కాలే గొట్టం. మధ్యలో వేడికి అడ్డు రేకు లేకుండా స్టార్ట్ చేశావని తెలిస్తే నీతో మాట్లాడను.

ఇక అసలు సంగతి. నా విమానంలోనూ మ్యానిఫోల్డ్ నేనే చేసుకున్నాను. గాలిని తగ్గించి పెంచే థ్రాటిల్ బాడీ బరువుకి అది ఊగుతోందని ఒక సపోర్టు కడ్డీ పెట్టాను. దాని రెండో కొస ఇంజిన్‌కే బిగించాలి. అందుబాటులో ఉంది కదా అని ఇంజిన్ మౌంట్ (ఇంజిన్‌ని విమానానికి పట్టి ఉంచే చట్రం) పైపుకి బిగించాను. ఇంజిన్ రబ్బరు బుష్‌ల మీద కదులుతుంది, మౌంట్ కదలదు. స్టార్ట్ చేసిన ప్రతిసారీ, ఆపిన ప్రతిసారీ ఆ కడ్డీ మ్యానిఫోల్డ్‌ని గుంజేది. కొన్నాళ్లకి వెనక రోటర్ రన్నర్ మీద వెంట్రుకంత పగులు కనిపించింది. వెల్డ్ మీద కాదు, వెల్డ్ పక్కన. 6061-టీ6 రకం అల్యూమినియం వెల్డ్ చేస్తే ఆ పక్కన మెత్తబడుతుందని నాకు తెలుసు. అయినా ఎందుకు పగిలిందా అని ఆలోచించకుండా మళ్లీ వెల్డ్ పెట్టేశాను. ఆ సాయంత్రమే ఎగరాలని తొందర.

40 గంటల టెస్ట్ ఫ్లయింగ్ అయిపోయిందన్న ధైర్యంతో మీ అత్తయ్యని ఎక్కించుకున్నాను. ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్ చక్కగా ఉంది. ఉంటుంది మరి, అప్పుడు మ్యానిఫోల్డ్ లోపలా బయటా ఒత్తిడి ఇంచుమించు ఒకటే, పగులు ఉన్నా గాలి లోపలికి పెద్దగా రాదు. దిగడానికి థ్రాటిల్ తగ్గించగానే లోపల వ్యాక్యూమ్ పెరిగింది, మళ్లీ తెరుచుకున్న ఆ పగులు గాలి పీల్చింది. వెనక రోటర్‌కి వెళ్లే గాలి-పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు పల్చబడి ఇంజిన్ వణికి ఆగిపోయింది. గ్లైడ్ చేస్తే రన్‌వే అందింది, అంతే. మీ అత్తయ్య ఒక్క మాట అనలేదు. నా చొక్కా చెయ్యి ఎప్పుడు పట్టుకుందో, విమానం ఆగాక కూడా వదల్లేదు.

అందుకే చెబుతున్నాను. కడ్డీ ఇంజిన్‌కే బిగించు. ఫుల్ థ్రాటిల్ బాగుందని మురిసిపోకు, ఐడిల్‌లో చాలాసేపు నడిపి చూడు. పగులు కనబడితే వెల్డింగ్ టార్చి పట్టుకోకముందే నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా సరే. చిన్నప్పుడు మా గరాజ్‌లో నేను అడక్కముందే సరైన స్పానర్ అందించేవాడివి. నీ చేతుల మీద నాకు నమ్మకమే. నీ తొందర నాలాంటిది, అదే భయం.

మొదటిసారి స్టార్ట్ చేసే రోజు చెప్పు. ఆస్టిన్ నుంచి డాలస్ మూడు గంటల డ్రైవ్, వస్తాను. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని పక్కన ఒకళ్లు నిలబడాలి.

ఆశీస్సులతో,
మామయ్య